ఫీజు తిన్న మూడేళ్లు

గబ్బిలం కుడి భుజం పంతొమ్మిదో అంతస్తు దగ్గర పట్టేసింది.

పైకి లేచిన చెయ్యి కిందకి రాలేదు. అద్దం తుడిచే రబ్బరు పట్టీ చేతిలో అలాగే నిలబడిపోయింది. అద్దానికి అవతల ఆఫీసులో ఒకమ్మాయి తనని పలకరిస్తున్నాడనుకుని నవ్వుతూ చెయ్యి ఊపింది.

పక్క తాడు మీద ఉన్న బావమరిది ఇదంతా చూశాడు.

"ఏంటి బావా, పొద్దున్నే టాటాలు మొదలుపెట్టావు. అక్కకి చెప్పమంటావా?"

"చెయ్యి దిగట్లేదురా."

బావమరిది నవ్వు ఆగిపోయింది. గోడని కాలితో తన్ని, అడ్డంగా ఊగుతూ వచ్చి, బావ బెల్టు పట్టుకుని తన కొక్కెం దానికి తగిలించాడు. ఇద్దరి బరువూ ఒక్క తాడు మీద వేసుకుని నెమ్మదిగా కిందకి దించాడు. నేల మీద కాలు పెట్టేసరికి గబ్బిలం కింది పెదవి మీద పంటి గాట్లు పడి ఉన్నాయి. అరవకుండా ఉండటానికి కొరుక్కున్నాడు.

ఎత్తయిన భవనాల అద్దాలని తాళ్ల మీద వేలాడుతూ తుడిచే ముఠా వాళ్లది. పద్దెనిమిదేళ్లుగా వేలాడుతున్నందుకు అతనికి గబ్బిలం అన్న పేరు వచ్చింది. అసలు పేరు జీతాలు వేసే కంప్యూటర్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. ముఠాకి పెద్ద అతనే.

డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి పెదవి విరిచాడు.

"ఈ ఏడాదిలోపు తాడు దిగిపో. ఈసారి పట్టేసింది కాబట్టి బతికావు. వచ్చేసారి వదిలేస్తుంది."

గబ్బిలం పెద్దగా బెదరలేదు. యాభై దాటింది. కంపెనీ రిటైర్మెంట్ ఫండ్ ఉంది. నెలనెలా జీతంలోంచి కోసి అందులో వేస్తారు, అతను వంద వేస్తే కంపెనీ యాభై కలుపుతుంది. దాని మీద ఇంకో వంద ఎక్స్‌ట్రాగా కూడా వేస్తున్నాడు. ఆ ఎక్స్‌ట్రాకి కంపెనీ ఏమీ కలపదు, కానీ డబ్బు పెరుగుతుంది కదా అని వేశాడు. ప్రభుత్వ పెన్షన్ మొదలయ్యేదాకా ఆ మొత్తంతో ఇల్లు గడిచిపోతుందని మనసులో ఎప్పుడో లెక్క వేసుకున్నాడు.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చునే ఫండ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. అవతల అమ్మాయి అంకె చెప్పింది. మళ్లీ చెప్పమన్నాడు. ఆమె అదే అంకెని ఇంకా మర్యాదగా చెప్పింది.

ఆ డబ్బు సరిపోదు. ఎలా తిప్పి చూసినా ఇంకో మూడేళ్లు తాడు మీద ఉండాల్సిందే.

*

భార్య మందుల షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. సాయంత్రం వచ్చి, అతని భుజానికి కాపడం పెడుతూ, అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఏడాదికి ఎంత తీసుకుంటారు వాళ్లు?"

"ఎవరు?"

"ఫండ్ వాళ్లు. మీ డబ్బు చూసిపెడుతున్నందుకు."

"ఏమీ తీసుకోరు. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా కోత పడలేదు. కాగితం వచ్చినప్పుడల్లా పెరిగిందనే ఉంటుంది."

"ఊరికే చేసిపెట్టడానికి వాళ్లు మీకేమైనా మేనమామలా?"

ఆమె తన ఫోన్ తీసి ముందు పెట్టింది. అతను ఎక్స్‌ట్రా వేయడం మొదలుపెట్టిన నెలలోనే ఆమె కూడా తన జీతంలోంచి సొంతంగా ఒక ఫండ్‌లో వేయడం మొదలుపెట్టింది. మార్కెట్లో ఉన్న పెద్ద కంపెనీలన్నింటిలోనూ తలా ఒక ముక్క కొని, అలా కదలకుండా కూర్చునే చవక ఫండ్ అది. వాళ్లు ఏడాదికి నూటికి పావలా కూడా తీసుకోరు. ఆమె నెలనెలా వేసింది అతని ఎక్స్‌ట్రాలో సరిగ్గా సగం. కానీ ఫోన్‌లో కనిపిస్తున్న మొత్తం, అతని ఎక్స్‌ట్రా ఇప్పటికి పెరిగిన దాంట్లో సగాన్ని దాటి చాలా దూరం పోయింది.

"మీ ఫండ్ వాళ్లు కొనేదీ ఆ పెద్ద కంపెనీలనే," అంది. "మీ కాగితం వెనకే రాసుంటుంది. తేడా వాళ్ల జేబులోకి పోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"రెండుసార్లు చెప్పాను. మొదటిసారి కంపెనీ వాళ్లకంటే నీకు ఎక్కువ తెలుసా అన్నారు. రెండోసారి ఆవలించారు."

అప్పుడే బావమరిది లోపలికొచ్చాడు. బావ చెయ్యి ఎలా ఉందో చూడటానికి వచ్చి, మాట విని అక్కడే కుర్చీ లాక్కున్నాడు.

"నేను మొదట్నించీ అనట్లేదా అక్కా? మొత్తం లాగేద్దాం. కంపెనీ ఫండూ వద్దు, వాళ్ల మొహమూ వద్దు. మన డబ్బు మనమే తిప్పుకుందాం. బావది కూడా నేను చూసుకుంటా."

"నీది ఎలా తిప్పుకున్నావో చెప్పు ముందు," అంది ఆమె.

బావమరిది పైకప్పు వైపు చూశాడు.

"మార్కెట్ పడిపోయిన ఏడాది నాది కూడా మూడో వంతు పోయింది. నేను షాపులో మందులు అమ్ముకుంటూ కూర్చున్నాను, ముట్టుకోలేదు. అది తిరిగొచ్చింది. నువ్వు ఏం చేశావు?"

"అమ్మేశాను."

"ఎప్పుడు?"

"బాగా పడ్డాక."

"తర్వాత?"

"పెరిగాక మళ్లీ కొన్నాను. అక్కా, నన్నిప్పుడు ఎందుకు ఆరేస్తున్నావు? దొంగ నేనా, వాళ్లా?"

"వాళ్లు నీ దగ్గర ఫీజు తీసుకుని ముంచారు. నువ్వు ఫీజు లేకుండా మునిగావు." ఆమె మొగుడి వైపు తిరిగింది. "వీడి మాట విని మొత్తం లాగకండి. మీరు వంద వేస్తుంటే కంపెనీ యాభై ఇస్తోంది. వాళ్లు ఎంత కొరుక్కుతిన్నా ఆ యాభై వల్ల మీకే లాభం. కంపెనీ ఏమీ కలపని ఆ ఎక్స్‌ట్రా ఉంది చూడండి, అక్కడే మిమ్మల్ని ఒలిచారు. దాన్ని అందులో వేయమని ఎవరు చెప్పారు మీకు?"

గబ్బిలం బావమరిది వైపు చూశాడు.

*

తాడు పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి ముడి వాళ్లు చూసుకోరు. జోడీ చూస్తాడు. బెల్టు పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగి, "చూశాను" అంటాడు. ఆ మాట అన్నాక మళ్లీ వంగి ముడి చూసుకోవడం జోడీ మొహం మీద ఉమ్మినంత పని. ఆ నమ్మకం లేనివాడు ముఠాలో వారం కూడా నిలవడు.

మర్నాడు పొద్దున, సామాను గదిలో టీ తాగుతున్నప్పుడు, గబ్బిలం అందరినీ అడిగాడు.

"ఎక్స్‌ట్రా వేయడానికి సంతకాలు పెట్టామే, ఆ కాగితం ఎవరు చదివారు?"

ముఠాలో గబ్బిలంలాగే అందరివీ మారుపేర్లే. బొద్దు అనేవాడు గ్లాసు దించాడు. "పొడుగు చూశానన్నాడన్నా. నేను పెట్టేశా."

"నేను అప్పుడు నిన్ను అడిగానన్నా," అన్నాడు పొడుగు గబ్బిలంతో. "చూశానన్నావు."

నిజమే. అన్నాడు. జోడీ అయిన బావమరిది తనతో అలా అన్నాడు కాబట్టి తనూ అన్నాడు.

"నువ్వు ఏం చూశావురా?" అని బావమరిదిని అడిగాడు.

"ఫండ్‌లో చేరినప్పటి మొదటి కాగితం మీద నీ సంతకం ఉంది కదా బావా. అది చూశాను. రెండోదీ అలాంటిదే అయ్యుంటుందనుకున్నాను."

బొద్దు ఒక్కడికి నవ్వొచ్చింది, పొడుగు మోచేత్తో పొడిస్తే ఆపుకున్నాడు. ఎనిమిది మంది మనుషులు, ఒకరి ప్రాణం ఒకరు పట్టుకుని పాతిక అంతస్తులు దిగేవాళ్లు, ఒక్కరంటే ఒక్కరు చదవని కాగితం మీద సంతకాలు పెట్టి ఇన్నేళ్లు హాయిగా నిద్రపోయారు.

గబ్బిలానికి ఆ రోజు గుర్తొచ్చింది. ఫండ్ వాళ్ల మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడని వీళ్లు నవ్వులాయన అని పిలిచే మనిషి, కాగితాలు పంచకముందు డాబా మీదకి ఎక్కి వీళ్ల పని చూశాడు. ముడులు ఎవరు చూస్తారని అడిగి తెలుసుకున్నాడు. చాలా గొప్ప పద్ధతి అని మెచ్చుకున్నాడు. కిందకి దిగాక కలం అందరికంటే ముందు గబ్బిలం చేతికే ఇచ్చాడు.

ఎనిమిది మందిని ఒప్పించే పని అతనికి లేకుండా పోయింది. ఒక్కడి నోట "చూశాను" అన్న మాట వస్తే చాలని పైన నిలబడి నేర్చుకున్నాడు.

గబ్బిలం చేతిలో గ్లాసు గోడకి తగిలి పగిలింది. విసిరినట్టు తనకే తర్వాత తెలిసింది. భుజం మండింది.

*

నవ్వులాయన ఆ వారమే వచ్చాడు. ఐదేళ్లకోసారి ఫండ్ ఒప్పందం పొడిగించాలి. దానికి కంపెనీ మేనేజర్ సంతకంతో పాటు పనివాళ్ల తరఫున ముఠా పెద్ద సంతకం కూడా కావాలి. క్యాంటీన్‌లో బల్లలు జరిపి, తెర దించి, రంగురంగుల గీతలు చూపించాడు. గీతలన్నీ కుడివైపుకి వెళ్లేకొద్దీ పైకి పోతున్నాయి.

"ప్రశ్నలేమైనా ఉంటే..." అన్నాడు, ఉండవన్న ధీమాతో.

గబ్బిలం లేచాడు.

"ఏడాదికి మీరు ఎంత తీసుకుంటారు?"

"మంచి ప్రశ్న. దీన్ని మనం ఎలా చూడాలంటే, మీకు అందే సేవలన్నీ కలిపి..."

"ఎంత?"

"అది ఫండ్‌ని బట్టి, కాలాన్ని బట్టి..."

"నేను అద్దం తుడిస్తే ఒక్కో అద్దానికి ఎంతో మా మేనేజర్ గారు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. మీ పని ధర మీకు తెలియదా?"

వెనక బొద్దు దగ్గాడు. నవ్వులాయన మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ తన ఫోన్ వైపు చూశాడు.

"అన్నీ కలిపితే రెండు పాయింట్ నాలుగు," అన్నాడు నవ్వులాయన. "నూటికి. చాలా మామూలు అంకె."

"వచ్చిన లాభంలో నూటికా?"

"కాదు. మొత్తం మీద."

"నేను వేసిన డబ్బు మీద కూడా?"

"మొత్తం అంటే... అవును."

"నష్టం వచ్చిన ఏడాది?"

"నిర్వహణ ఖర్చులు ఎప్పుడూ ఉంటాయి కదండీ."

"మరి మా కాగితంలో కోత ఎందుకు కనపడదు?"

"ముందే తీసేసి, మిగిలింది చూపిస్తాం. మీకు గందరగోళం లేకుండా."

నవ్వు మొహం మీదే ఉంది. పద్దెనిమిదేళ్లు ఏడాదికి రెండున్నర దగ్గర పోతే చివరికి చేతికి రావాల్సిన దాంట్లో దాదాపు ఐదో వంతు పోతుందని గబ్బిలం భార్య తన ఫండ్‌కీ వీళ్ల ఫండ్‌కీ ఉన్న తేడాని బట్టి ముందు రోజే అంచనా కట్టి చూపించింది. డాక్టరు దిగిపొమ్మన్న తాడుకి గబ్బిలాన్ని ఇంకో మూడేళ్లు కట్టేసింది ఆ ఐదో వంతే.

"మీకు ఎప్పుడైనా భుజం పట్టేసిందా?" అని అడిగాడు.

"అర్థం కాలేదు."

"అర్థం కాదులెండి. మీరు ముందే తీసేసుకుంటారు కదా."

*

మీటింగ్ అయ్యాక మేనేజర్ అతన్ని తన గదికి పిలిచి తలుపు వేశాడు. కూర్చోమన్నాడు. ఇన్నేళ్లలో ఆ గదిలో గబ్బిలం కూర్చోవడం అదే మొదలు.

"చెయ్యి సంగతి విన్నాను. డాక్టరు ఏమన్నాడో కూడా తెలుసు. కింద సూపర్‌వైజర్ పోస్టు ఒకటి ఖాళీ అవుతోంది. ఇదే జీతం. తాడు ఎక్కక్కర్లేదు."

గబ్బిలం కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఎప్పటినుంచి సార్?"

"సంతకం అయిపోయిన మర్నాటి నుంచి." మేనేజర్ ఒప్పందం కాగితాన్ని ముందుకి జరిపాడు. "చూడు, నీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ వేరే ఫండ్‌కి మారితే ఎంత తలనొప్పో తెలుసా? వీళ్లు మన జీతాల లెక్కంతా ఉచితంగా చేసిపెడుతున్నారు. ఆఫీసులో ఇద్దరు మనుషుల ఖర్చు మిగిలింది మనకి."

"మనకి అంటే ఎవరికి సార్?"

"కంపెనీకి."

"ఉచితంగా అన్నారు."

"అవును."

"నా భుజంతో చేయించుకుని ఉచితం అంటారేంటి సార్?"

మేనేజర్ మొహం గట్టిపడింది. "పోస్టు వారం దాకా ఉంచుతాను. తర్వాత వేరే వాళ్లకి ఇస్తాను. షిఫ్టు పట్టికలో మాత్రం నీ పేరు తాడు మీదే ఉంటుంది. ఆలోచించుకో."

గబ్బిలం బయటికొచ్చాడు. నడవాలో బావమరిది గోడకి ఆనుకుని ఎదురుచూస్తున్నాడు. విషయం విని అతని భుజం పట్టుకోబోయి, ఏ భుజమో గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పెట్టెయ్ బావా. ఎవడూ నిన్నేమీ అనడు."

"ఐదేళ్లురా. మీ అందరికీ ఇంకో ఐదేళ్లు."

"మాకు భుజాలు బాగానే ఉన్నాయి. నువ్వు పడితే అక్కకి నేనేం చెప్పాలి? నూటికి రెండు పాయింట్ నాలుగు మిగిల్చి పడ్డాడని చెప్పాలా?"

"నోర్ముయ్."

"నేను మూసుకుంటా. నీ చెయ్యి మూసుకుంటుందా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇంటిదాకా నడిచారు.

భార్య వింటుండగా కూరగాయలు తరుగుతున్న కత్తి ఆగింది, మళ్లీ కదిలింది.

"పెట్టమని నేను చెప్పను," అంది చివరికి. "పెట్టొద్దనీ చెప్పను. తాడు మీద వేలాడేది నేను కాదు. పెడితే మాత్రం మీ ముఠావాళ్లకి ఆ నవ్వులాయన చెప్పినట్టు చెప్పకండి. ఎంత పోతుందో చెప్పి పెట్టండి."

"చెప్పి పెడితే ఎవడు ఊరుకుంటాడు?"

"అదే కదా మరి."

*

గడువు రోజు పొద్దున గబ్బిలం ముఠాని డాబా మీద కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టాడే గానీ తను ఒక్కచోట నిలవలేకపోయాడు, అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడాడు. పోస్టు సంగతి ముందే చెప్పేశాడు, ఎంత పోతుందో తర్వాత చెప్పాడు. సంతకం పెట్టట్లేదని చెప్పాడు.

"నేను సంతకం పెట్టకపోతే వాళ్లు వేరే ఫండ్ వాళ్లని కూడా పిలిచి, ఎవరు ఎంత తీసుకుంటారో మనకి చూపించాలి. ఈలోపు ఒక్క పని చేయండి. కంపెనీ కలుపుతున్న భాగాన్ని వదలకండి, తిట్టుకుంటూ అయినా ఉంచండి. ఎక్స్‌ట్రా ఆపేయండి. ఆ డబ్బు బయట చవక ఫండ్‌లో వేసుకుని, మార్కెట్ పడినా లేచినా వేలు పెట్టకుండా ఉండగలిగితే వేసుకోండి. ఉండలేనివాళ్లు బ్యాంకులో పెట్టుకోండి." బావమరిది వైపు చూశాడు. "ఎవరో పేరు చెప్పను."

"చెప్పావుగా," అన్నాడు బావమరిది.

"నా మాట మీద మాత్రం ఎవరూ చేయకండి. కాగితాలు ఇవిగో. ఒక్కొక్కడూ తన కాగితం తనే చదవండి. అర్థం కాకపోతే మళ్లీ చదవండి. ఇది తాడు కాదు."

ఎండ పెరిగేదాకా డాబా మీద ఎనిమిది మంది పెదాలు కదుపుతూ చదివారు. పొడుగు ఒక చోట ఆగి, ఫండ్ వాళ్లనీ వాళ్ల వంశాన్నీ కలిపి ఒక మాట అన్నాడు. బొద్దుకి ఈసారి నవ్వు రాలేదు. కింద బకెట్లలో నీళ్లు వేడెక్కాయి.

తర్వాత గబ్బిలం లేచి బెల్టు అందుకున్నాడు. పట్టికలో రెండో తాడు అతనిది.

బెల్టు పొడుగు చేతిలోకి వెళ్లిపోయింది.

"రెండోది నాది," అన్నాడు పొడుగు.

"నువ్వు ఇవాళ పైన కాపలా కదరా." తాళ్లు కట్టిన చోట, డాబా అంచున, ఎప్పుడూ ఒకడు నిలబడి చూస్తుండాలి. ఆ పని రోజుకొకరు మార్చుకుంటారు.

"మారింది. ఇకనుంచి కాపలా నువ్వే."

"ఎన్నాళ్లు?"

"ఎన్నాళ్లయితే అన్నాళ్లు. అందరం మాట్లాడుకున్నాం. కిందనుంచి చూసేవాడికి అందరి టోపీలూ పసుపే."

"నా వంతు మీరెందుకు దిగాలి?"

"మేనేజర్‌ని అడుగు, ఉచితం అంటాడు," అన్నాడు బావమరిది. బావ మొహంలోకి చూడకుండా తన తాడు సర్దుకున్నాడు. "నువ్వు ఏడిస్తే మాత్రం అక్కకి చెప్తా."

గబ్బిలం ఏడవలేదు. కృతజ్ఞతతో మనసు నిండిపోవాల్సిన సమయంలో అతనికి ఒళ్లంతా ఇంకా మండింది. ఆ మూడేళ్లు ఎక్కడికీ పోలేదు. అతని ఒంటి మీదనుంచి తీసి ఏడుగురు ముక్కలు చేసి పంచుకున్నారు. ఒక్కొక్కడి భుజం మీదకి కొంచెం కొంచెం వెళ్లింది. తిన్నవాడు ఎక్కడో చల్లటి గదిలో ఇంకో గీత పైకి గీస్తూ ఉంటాడు.

ఒక్కొక్కరి బెల్టూ పట్టుకుని లాగి చూశాడు. ఒక్కొక్కరే అంచు దాటి కిందకి దిగారు.

ఫోన్ మోగింది. మేనేజర్.

"పోస్టుకి ఇవాళే ఆఖరు. వస్తున్నావా?"

"లేదు సార్."

"ఏ తాడు మీద ఉన్నావు ఇప్పుడు? కనపడట్లేదు."

గబ్బిలం అంచు మీదకి వంగి చూశాడు. చాలా కింద, కారు పక్కన, తలెత్తి చూస్తున్న మనిషి అగ్గిపుల్లంత ఉన్నాడు.

"వెతుక్కోండి సార్," అన్నాడు. "మీకు గందరగోళం లేకుండా ముందే తీసేశాం."

ఫోన్ పెట్టేశాడు. రెండో తాడు గోడ అంచుకి రాసుకుంటోంది. మోకాళ్ల మీద కూర్చుని, ఎడమ చేత్తో దాని కింద గోనెపట్టా సర్దాడు. కోపం తగ్గలేదు, పట్టు మాత్రం వదల్లేదు.